తూకానికి వేసే పాత సైకిలుకు అంత వెల ఎందుకు?

"పళయ ఇరుంబు, ఈయం, పిత్తళైక్కు పేరీచ్చంపళం!"

సత్యవేడు, నాగలాపురం, తడ, సూళ్లూరుపేట ప్రాంతాల పల్లెలలో ఒక తరం పిల్లలను వీధిలోనికి పరుగెత్తించిన కేక ఇది. పాత ఇనుము, తగరం, ఇత్తడి తెచ్చి ఇస్తే ఖర్జూరపు పండ్లు ఇస్తామని దాని అర్థం. నేడు ఖర్జూరాలు పోయి రూపాయలు వచ్చాయి. తలమీది గంప పోయి చిన్న ఆటో, దాని మీద మైకు వచ్చాయి. మారనిది తూకం ఒక్కటే. కొట్టంలో కాడిమాను పక్కన ముప్పై ఏండ్లుగా ఆనించి ఉంచిన తాతగారి సైకిలు ఆ కాటా మీదికి ఎక్కితే సుమారు ఇరవై కిలోలు తూగుతుంది. కిలో ఇరవై అయిదు, ముప్పై చొప్పున లెక్క కడితే అయిదారువందల రూపాయలు. చోటు కలిసివచ్చిందని ఇంటివారు, బేరం కుదిరిందని వ్యాపారి, ఇద్దరూ సంతోషిస్తారు.

అటువంటి పాత సైకిళ్లలోనే కొన్నింటికి చెన్నైలో పదుల వేల రూపాయలు అడుగుతున్నారు. ఇక విదేశాలలో తయారైన పాత రేసు సైకిలైతే, నలభై యాభై ఏండ్లు వాడినదైనా, లక్ష రూపాయలు దాటడం వింత కాదు. ఐరోపా, అమెరికా దేశాలలో 1970, 80 దశకాలకు చెందిన ఇటలీ రేసు సైకిలు మంచి స్థితిలో ఉంటే వెయ్యి నుంచి మూడువేల డాలర్ల వరకు పలకడం సాధారణం. (ఇక్కడ చెబుతున్నది తొక్కే సైకిలు గురించే. మన పిల్లలు బైక్ అనే మోటారు వాహనం గురించి కాదు.) కొత్త వస్తువు కంటే పాత వస్తువు ప్రియం కావడం లోకరీతికి విరుద్ధంగా తోస్తుంది. పాతదనానికి విలువ కడుతున్నారేమో అని కొందరు భావిస్తారు. అది సగం కూడా నిజం కాదు. పాతవైన సైకిళ్లలో నూటికి తొంభై పైగా పాత ఇనుము ధరకే పోతాయి, పోవలసినవే. మిగిలిన కొద్దింటికి వెల తెచ్చేది వాటి వయసు కాదు. వాటిలో ఉన్న లోహం, పనితనం, చెదరని విడిభాగాలు, వాటిని కోరుకునే మనుషులు.

గొట్టంలోని గుట్టు

మొదట రేసు సైకిలు సంగతి చూద్దాం. బరువులు మోయడానికి చేసిన మన నల్ల సైకిలు ఇరవై కిలోలు ఉంటే, పందెపు సైకిలు పది కిలోల పరిసరాలలో ఉంటుంది. రెండూ ఉక్కువే. తేడా గొట్టంలో ఉంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన రేనాల్డ్స్ సంస్థ 1897లో ఒక ఉపాయానికి పేటెంటు పొందింది. గొట్టం వెలుపలి కైవారం అంతటా ఒకటే. లోపల మాత్రం అతుకు పడే రెండు చివరలు మందంగా, నడుమ భాగం పలుచగా ఉంటుంది. చివర 0.9 మిల్లీమీటరు ఉంటే నడుమ 0.6 మాత్రమే. బలం అవసరమైన చోట లోహం ఉంచి, అవసరం లేని చోట తీసివేశారన్నమాట. వెదురు బొంగును ఎరిగిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కణుపు దగ్గర గట్టి, నడుమ బోలు. 1935లో ఆ సంస్థ మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో '531' అనే గొట్టాన్ని తెచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు ఇంజనును మోసే చట్రానికి కూడా ఈ ఉక్కే పనికివచ్చింది. తరువాత దశాబ్దాల పాటు పందెపు సైకిళ్లకు ఈ అంకె ఒక ముద్ర అయింది. ఇటలీలో ఇదే గౌరవం కొలంబస్ అనే సంస్థ గొట్టాలకు దక్కింది.

ఇంత పలుచని గొట్టాన్ని విపరీతమైన వేడితో అతికిస్తే బలం పోతుంది. అందువల్ల గొట్టాలు కలిసే చోట చిన్న ఉక్కు తొడుగులు తొడిగి, వాటి సందులలోనికి ఇత్తడిని గాని వెండి మిశ్రమాన్ని గాని కరిగించి ప్రవహింపజేసి అతికేవారు. ఈ తొడుగులనే లగ్గులు అంటారు. మంచి పనివాడు వాటి అంచులను ఆకురాయితో పలుచగా అరగదీసి, ఆకు కొనల వలె, బాణపు ములుకుల వలె తీర్చేవాడు. ఒక చట్రానికి ఇలా చాలా గంటల చేతిపని పట్టేది. ఈనాటి పందెపు సైకిళ్లు అచ్చులలో పోసే కార్బను నారతో తయారవుతున్నాయి. అవి తేలిక, వేగం ఎక్కువ, సందేహం లేదు. కాని పగిలితే బాగుచేయడం కష్టం. లగ్గులు పెట్టి అతికిన ఉక్కు చట్రంలో చెడిపోయిన గొట్టాన్ని విడదీసి వేరొకటి పెట్టవచ్చు. యాభై ఏండ్ల తరువాత కూడా అది తొక్కడానికి పనికివస్తుంది. పాత కారు వలె గరాజులో చూడడానికి మాత్రమే ఉంచేది కాదు గనుక, కొనేవాడు వస్తువుకు, వాడకానికి కలిపి డబ్బు ఇస్తున్నాడు.

అంబత్తూరుతో ఉన్న బంధుత్వం

ఇదంతా ఎక్కడో సీమ దేశపు ముచ్చట అనుకొనే పాఠకులకు ఒక విశేషం. రేనాల్డ్స్ సంస్థ 1928 నుంచి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద ఆంగ్ల సంస్థలో భాగం. దాని పొడి అక్షరాలే టీఐ. మద్రాసులోని మురుగప్ప కుటుంబం ఈ టీఐతో కలిసి 1949లో టీఐ సైకిల్స్ ఆఫ్ ఇండియాను స్థాపించింది. అంబత్తూరులో హెర్క్యులస్ సైకిళ్లు తయారైనది ఆ ఒప్పందం వల్లనే. సైకిలుకు కావలసిన గొట్టాల కోసం 1955లో ఆవడిలో ట్యూబ్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా వెలసింది. అంబత్తూరులో వైద్యానికి వెళ్లిన మనవారెందరో చూసిన సర్ ఐవన్ స్టెడ్‌ఫోర్డ్ ఆసుపత్రి కూడా ఆ ఆంగ్ల సంస్థ అధ్యక్షుని పేరు మీదనే ఉంది.

నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ సంస్థ 1960లో ఇదే టీఐలో చేరింది. 1970 దశకంలో 'టీఐ ర్యాలీ' పేరుతో ఒక పందెపు జట్టు ఐరోపాను ఊపివేసింది. 1980లో ఫ్రాన్సు దేశపు మహా పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను ఆ జట్టుకు చెందిన హాలండు వీరుడు జూప్ జూటెమెల్క్ గెలిచాడు. ఆ జట్టు చొక్కా మీది టీఐ అక్షరాలు, మన పాలవాడి హెర్క్యులస్‌ను చేసిన సంస్థ పేరులోని టీఐ అక్షరాలు ఒకే వంశానివి. ఆ జట్టు కోసం ఇల్కెస్టన్ అనే ఊరిలోని చిన్న కర్మాగారంలో తయారైన చట్రాలు ఈనాడు సేకర్తలు పోటీపడి కొనే వస్తువులు. అదే కుటుంబంలో పుట్టిన అంబత్తూరు హెర్క్యులస్‌లు లక్షల సంఖ్యలో ఉన్నందున వాటికి అటువంటి గిరాకీ లేదు. ఒకే పుట్టిల్లు, రెండు వేర్వేరు జాతకాలు.

విడిభాగాల వెల

ఇటలీలో విచెంజాకు చెందిన టుల్లియో కంపాన్యోలో అనే సైకిలు వీరుని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1927లో మంచు కురిసే కొండదారిలో పందెం సాగుతుండగా, ఆయన గేరు మార్చుకోవడానికి వెనుక చక్రం తీయవలసి వచ్చింది. ఆ రోజులలో గేరు మార్చడమంటే చక్రాన్ని తీసి తిప్పి పెట్టడమే. గడ్డకట్టిన వేళ్లతో చక్రపు నట్టులు ఊడదీయలేక పందెం పోగొట్టుకున్నాడట. ఒక్క మీట తిప్పితే చక్రం ఊడివచ్చే ఏర్పాటును ఆయన ఆ తరువాత రూపొందించాడు. 1933లో సంస్థ పెట్టాడు. ఆ సంస్థ గేర్లు, బ్రేకులు, ఇరుసులు నలభై ఏండ్లకు పైగా పందెపు లోకాన్ని ఏలాయి.

పాత సైకిలు వెలను తరచుగా నిర్ణయించేవి ఈ విడిభాగాలే. 1970 దశకపు కంపాన్యోలో భాగాలు పూర్తి జతగా ఉంటే, ఒక్కొక్కసారి చట్రం కంటే వాటికే ఎక్కువ ధర వస్తుంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒకనికి చట్రం ఉంది, వెనుక గేరు లేదు. ఇంకొకనికి గేరు ఉంది, దాని మీట లేదు. పైగా ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ దేశాలు మరలకు వేర్వేరు చుట్లు వాడాయి. ఒకదాని భాగం మరొకదానికి బిగియదు. ఫ్రాన్సు కొలతల భాగాలు చేయడం దాదాపు ఆగిపోయింది కనుక, కావలసినవాడు పాతవాటినే వెతకాలి. అందుచేత కొందరు వ్యాపారులు మంచి సైకిలును కొని, విడదీసి, ముక్కలుగా అమ్ముతారు. వారికి లాభమే. కాని అలా విడదీసిన ప్రతిసారీ పూర్తి సైకిలు ఒకటి తగ్గి, మిగిలినవాటి వెల ఇంకొంత పెరుగుతుంది.

దీనికి తోడు కీర్తి ఒకటి. బెల్జియం వీరుడు ఎడీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పాడు. ఆ సైకిలును చేసినవాడు మిలాన్ సమీపంలోని కొల్నాగో. ఆనాటి నుంచి కొల్నాగో పేరు ఉన్న ఉక్కు చట్రానికి ప్రత్యేక గిరాకీ. నాదస్వర విద్వాంసుడు వాయించిన వాద్యాన్ని చేసిన ఆచారి వద్దకే జనం వెళ్లడం వంటిదిది.

1997లో ఇటలీలోని గయోలె ఇన్ కియాంతి అనే పల్లెలో 'లెరోయికా' అనే యాత్ర మొదలైంది. మట్టి దారుల మీద పాత సైకిళ్లతో మాత్రమే తొక్కాలి. సైకిలు 1987కు ముందుదై ఉండాలి, గేరు మీట హ్యాండిలు మీద కాక చట్రపు గొట్టం మీద ఉండాలి, పెడలుకు కాలు బిగించే పట్టీ ఉండాలి. ఇటువంటి యాత్రలు తరువాత జపాను, ఇంగ్లండు మొదలైన దేశాలకు వ్యాపించాయి. ఒక నిబంధన వ్రాసినందువల్ల అటకల మీది సైకిళ్లకు ప్రాణం వచ్చింది. 1986 నాటి సైకిలుకు ప్రవేశం ఉంది, 1990 నాటిదానికి లేదు. రెండింటి వెలలోనూ ఆ గీత కనబడుతుంది.

మరొక కారణం మనుషుల వయసు. పదిహేనేళ్ల ప్రాయంలో దుకాణపు అద్దం వెనుక చూసి, కొనలేక, తిరిగి వెళ్లిన పిల్లవాడు నేడు యాభై దాటినవాడు. ఇప్పుడతని చేతిలో డబ్బు ఉంది. అతడు కొనేది సైకిలునా, ఆనాటి సాయంత్రాన్నా అని అడిగితే అతడే చెప్పలేడు. ఈ తరం గడిచిన తరువాత ఈ ధరలు ఇలాగే నిలుస్తాయని హామీ లేదు. లాభం కోసం కొనదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చెన్నైలో ఎందుకు అరుదు?

మన దేశంలో స్వాతంత్ర్యం తరువాత విదేశీ సైకిళ్ల దిగుమతి క్రమంగా తగ్గిపోయింది. అంబత్తూరులో టీఐ, ఆసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ, సోనీపట్‌లో అట్లాస్, లూధియానాలో హీరో వంటి కర్మాగారాలు దేశ అవసరాన్ని తీర్చాయి. అవి చేసినవి ఎక్కువగా బరువు మోసే సైకిళ్లు. 1991 ఆర్థిక సంస్కరణల వరకు ఇటలీ పందెపు సైకిలు అనేది రైల్వే, సైన్యం తరఫున పోటీలలో పాల్గొన్నవారికో, విదేశం నుంచి తిరిగివచ్చినవారికో తప్ప అందే వస్తువు కాదు. కనుక మద్రాసులో అటువంటివి మొదటి నుంచీ వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. పైగా సముద్రపు గాలి. ఉప్పు తేమకు క్రోమియం పూత పొక్కి, గొట్టం లోపల తుప్పు పట్టి, పై రంగు బాగున్నా లోన బోలయినవి ఎన్నో. ఈ విషయంలో నగరి, పుత్తూరు వైపు పొడి గాలిలోని కొట్టాలే మేలు. పులికాటు ఒడ్డున ఉన్న ఇళ్లకు ఆ భాగ్యం లేదు.

ఇటీవలి సంవత్సరాలలో తెల్లవారకముందే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వైపు గుంపులుగా సైకిలు తొక్కేవారు పెరిగారు. మద్రాస్ రాండన్యూర్స్ వంటి బృందాలు రెండు వందలు, మూడు వందల కిలోమీటర్ల దూరపు యాత్రలు నిర్వహిస్తున్నాయి. వీరిలో అత్యధికులు కొత్త సైకిళ్లవారే. కాని కొందరికి పాత ఉక్కు మీద మనసు పడుతుంది. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా, సుంకం కలిసి వెల పైకి పోతుంది. అందువల్ల నగరంలోనే దొరికినదానికి అడిగినంత ఇవ్వడానికి సిద్ధపడతారు. సరుకు పది, గిరాకీ వంద అయినప్పుడు ధర ఎటు పోతుందో సంతలో టమోటా అమ్మే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

మన కొట్టంలోని సైకిలు సంగతి

సరిహద్దు పల్లెలలో ఇటలీ పందెపు సైకిలు దొరకడం కల్ల. దొరికే అవకాశం ఉన్నవి ఆంగ్ల దేశపు పాత సైకిళ్లు. రైల్వే గుమాస్తాలు, కరణాలు, బడిపంతుళ్లు, మిలిటరీ నుంచి తిరిగివచ్చినవారు నెలల జీతం కూడబెట్టి కొన్న ర్యాలీ, హంబర్, రడ్జ్, బీఎస్ఏ, ఫిలిప్స్ ఇవి. వీటికి లక్షలు రావు. అయినా అసలు రూపు చెడనివైతే సేకరించేవారు వేలల్లో ఇస్తారు.

గుర్తించడానికి పెడళ్ల వద్ద ఉండే పళ్లచక్రాన్ని ముందుగా చూడాలి. ర్యాలీ చక్రంలో కొంగ తలలు కత్తిరించి ఉంటాయి. హంబర్ చక్రంలో చిన్న మనిషి బొమ్మలు అయిదు కనబడతాయి. హంబర్ ముందు ఫోర్కు కూడా వేరు, ప్రతి పక్కా ఒక గొట్టానికి బదులు రెండు సన్నని గొట్టాలు. రడ్జ్ ముద్ర అరచేయి. బీఎస్ఏ మొదట తుపాకుల కంపెనీ కనుక దాని ముద్ర మూడు తుపాకులను నిలిపి ఆనించిన బొమ్మ. హ్యాండిలు కింద ముందు గొట్టానికి ఉండే లోహపు బిళ్లను తరువాత చదవాలి. నాటింగ్‌హామ్, ఇంగ్లండు అని ఉన్న ర్యాలీకి, ఆసన్‌సోల్‌లో చేసిన ర్యాలీకి వెలలో తేడా ఉంటుంది. వెనుక ఇరుసులోనే మూడు గేర్లు ఉన్న స్టర్మీ ఆర్చర్ చక్రమైతే ఆ ఇరుసు డొల్ల మీద తయారైన సంవత్సరం, నెల అంకెలలో కొట్టి ఉండడం కద్దు. తుడిచి చూస్తే సైకిలు జాతకం బయటపడుతుంది. తోలు సీటు మీద బ్రూక్స్ అనే పేరు కనబడితే, తోలు ఎండి బీటలువారనంత వరకు, ఆ సీటు ఒక్కటే తూకపు ధరకు ఎన్నో రెట్లు. ఈ గుర్తులన్నీ ఒకే కంపెనీని చూపాలి. పళ్లచక్రం ఒకరిది, బిళ్ల ఇంకొకరిది అయితే రిపేరులో మార్చినదన్నమాట.

పూర్వం పంచాయతీలు, పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వసూలు చేసి ఏటేటా ఒక బిళ్ల ఇచ్చేవి. అది లేకపోతే, రాత్రి దీపం లేకపోతే, పోలీసు ఆపేవాడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారినప్పుడు ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది. ఆ కాలపు బిళ్ల ఇంకా సైకిలుకే వేలాడుతూ ఉంటే ఊడదీయకండి. కొనేవానికి అది సైకిలు ఇల్లు మారలేదన్న సాక్ష్యం. అసలు రసీదు పెట్టెలో ఉంటే మరీ మంచిది. దొంగ సొత్తు కాదని నిరూపించేది కూడా అదే.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. అమ్మే ముందు ముచ్చటగా ఉంటుందని సైకిలును తోమి, కొత్తగా నల్ల రంగు వేయిస్తారు. పాత కంపెనీ బంగారు గీతలు, ముద్రలు ఆ రంగు కింద శాశ్వతంగా పోతాయి. వెల సగానికి పడిపోతుంది. తుప్పు ఉన్నా సరే, అసలు రంగు మీద కొద్దిగా నూనె గుడ్డతో తుడిచి ఊరుకోవాలి. ఊడిన బెల్లు, డైనమో, పంపు, గొలుసు మూత పారవేయక ఒక సంచిలో వేసి సైకిలుతోనే ఉంచాలి. విరిగిన చోట ఆర్కు వెల్డింగు చేయించడం మరొక తప్పు.

ధర విషయంలో మోసపోయేది అమ్మేవారే కాదు, కొనేవారు కూడా. ప్రకటనలో కనబడేది అడిగే ధర. ఇచ్చిన ధర వేరు. యాభైవేలని ఆరు నెలలుగా ప్రకటనలో ఉన్న సైకిలు, నిజానికి ఎవరూ యాభైవేలకు కొనని సైకిలు. చెన్నైలో చదువుకుంటున్న పిల్లలెవరైనా పాత రేసు సైకిలు కొనబోతే చట్రం మీది 531 అనే కాగితపు ముద్రను మాత్రం నమ్మరాదు. అటువంటి ముద్రలు కొత్తవి దొరుకుతాయి, ఏ గొట్టం మీదనైనా అంటించవచ్చు. సీటు కడ్డీని బయటికి తీయించి దాని వ్యాసాన్ని కొలత పరికరంతో అడ్డంగా కొలిపించాలి. పలుచని మేలైన గొట్టమైతే అది సాధారణంగా 27.2 మిల్లీమీటర్లు ఉంటుంది. 25.4 అని వస్తే అది మందపాటి మామూలు గొట్టం, ముద్ర ఏది చెప్పినా సరే. వెనుక చక్రం బిగించే చోట కంపాన్యోలో పేరు లోహంలోనే కొట్టి ఉందేమో చూడాలి. చివరగా సైకిలు తమ ఎత్తుకు సరిపోతుందా అనేది చూడాలి. నడిమి ఎత్తు చట్రాలకే గిరాకీ ఎక్కువ. మరీ పొడవైన, మరీ పొట్టి చట్రాలు అదే కంపెనీవైనా తక్కువకు వస్తాయి.

ఇక కొట్టంలో ఉన్నది ఆంగ్ల సైకిలు కాదని, 1980 దశకపు మామూలు నల్ల సైకిలేనని తేలితే, చక్రాలకు కొత్త టైర్లు, ట్యూబులు వేయించి, గొలుసుకు నూనె పెట్టించడానికి పెద్దగా ఖర్చు కాదు. పొలానికి గడ్డిమోపు తేవడానికి అది ఇంకొక ఇరవై ఏండ్లు పనిచేస్తుంది. ఆంగ్ల సైకిలని తేలితే, బిళ్లకు, పళ్లచక్రానికి, వెనుక ఇరుసుకు సెల్‌ఫోనులో మూడు ఫోటోలు తీసి, చెన్నైలో ఇద్దరు వేర్వేరు వ్యాపారులకు చూపించి, ఇద్దరూ చెప్పిన ధరలు విన్న తరువాతనే మైకు ఆటోను ఆపాలా వద్దా అనేది నిర్ణయించుకోవచ్చు.